పాత బండికి కొత్త రేడియేటర్

వేసవి సెలవులకు భిలాయి నుంచి సొంత ఊరికి వెళ్లే తెలుగు కుటుంబాల్లో ఎక్కువమంది రైలెక్కుతారు. రాయ్‌పూర్, రాయగడ, పార్వతీపురం మీదుగా విజయనగరం చేరే దారి అది. కొందరు మాత్రం రోడ్డు మీదే బయలుదేరతారు. ధంతరి, కాంకేర్ దాటాక కేశ్కాల్ ఘాటు ఎక్కాలి. పన్నెండు మలుపుల ఘాటు అది. తర్వాత కొండగావ్, జగదల్‌పూర్, ఒడిశాలోని జయపురం. మళ్లీ కొండెక్కితే కోరాపుట్. అక్కణ్ణుంచి సాలూరు ఘాటు దిగితే ఆంధ్రప్రదేశ్. మొత్తం ఐదు వందల కిలోమీటర్లు పైబడిన దారి. అదీ మే నెల ఎండలో.

ఈ పాఠం ఆ దారిన వెళ్లాల్సిన ఒక పాత బండి గురించి.

బదిలీ ఉద్యోగుల పిల్లలైన మీకు ఒక సంగతి బాగా తెలుసు. ఉంటున్న క్వార్టరు మనది కాదు. మూడేళ్లో నాలుగేళ్లో ఉండి, తాళంచెవి అప్పగించి వెళ్లిపోతాం. అందుకే కాబోలు, మనలో కొందరికి చక్రాల మీద ఉండే ఇల్లంటే మోజు. వాడిన టెంపో ట్రావెలర్‌నో అంతకన్నా పాతదైన మటాడోర్ వ్యాన్‌నో కొని, వెనక సీట్లు తీయించి, పడుకోవడానికి రెండు బల్లలు, ఒక చిన్న పొయ్యి, ఒక నీళ్ల ట్యాంకు పెట్టించుకుంటారు. దీన్ని మోటర్‌హోమ్ అంటారు. సినిమావాళ్ల పుణ్యమా అని మనకు కారవాన్ అనే మాట ఎక్కువ తెలుసు. (బండి రూపు ఇలా మార్చాలంటే ముందుగా రవాణా కార్యాలయం అనుమతి తీసుకోవాలి, రిజిస్ట్రేషన్ పత్రంలో రాయించుకోవాలి. ఈ పని వదిలేసి దారిలో చెక్‌పోస్టు దగ్గర బిక్కమొహం వేసేవాళ్లు ఉంటారు.)

తెలుగునేల మీద తిరిగిన ఇలాంటి బండ్లలో అందరికీ తెలిసింది చైతన్యరథం. 1982లో ఎన్.టి. రామారావు ఊరూరా తిరగడానికి వాడిన పాత షెవర్లే వ్యాను అది. పైకెక్కి మాట్లాడటానికి వీలుగా దాన్ని మార్పించారు. నడిపింది ఆయన కుమారుడు హరికృష్ణ. ఎక్కినవారి పేరు, నడిపినవారి పేరు అందరికీ గుర్తున్నాయి. అంత పాత ఇంజను వేసవిలో మొరాయించకుండా చూసుకున్న మెకానిక్కుల పేర్లు మాత్రం ఎవరికీ గుర్తుండవు. మనం ఈ రోజు నేర్చుకోబోయేది ఆ మెకానిక్కుల పనే: పాత రేడియేటర్, దాని రబ్బరు హోసులు తీసేసి కొత్తవి వేయడం.

వేడి లెక్క

పని మొదలుపెట్టే ముందు నోటుపుస్తకంలో ఒక లెక్క వేద్దాం. ఈ లెక్క అర్థమైతే మిగిలిన పాఠం సగం అర్థమైనట్టే.

లీటరు డీజిల్ మండితే దాదాపు 36 మెగాజౌళ్ల శక్తి వస్తుంది. అందులో బండిని లాగడానికి పనికొచ్చేది సుమారు మూడో వంతు. మరో మూడో వంతు పొగతో పాటు సైలెన్సర్ గొట్టం గుండా బయటకు పోతుంది. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం ఇంజను లోహంలోకి, దాని చుట్టూ తిరిగే నీళ్లలోకి దిగుతుంది.

బల్లలు, సామాన్లు, నీళ్ల ట్యాంకు, మనుషులతో నిండిన మన వ్యాను ఘాటెక్కుతూ గంటకు 10 లీటర్ల డీజిల్ తాగుతుందనుకుందాం. అంటే గంటకు 360 మెగాజౌళ్లు. గంటకు 3,600 సెకన్లు కాబట్టి సెకనుకు 100 కిలోజౌళ్లు. అందులో 30 కిలోజౌళ్లు నీళ్లలోకి వస్తాయని పెట్టుకోండి. ఇంట్లో టీనీళ్లు కాచుకునే 1,500 వాట్ల ఎలక్ట్రిక్ కెటిల్ ఒకటి సెకనుకు 1.5 కిలోజౌళ్లు ఇస్తుంది. అలాంటి కెటిళ్లు ఇరవై ఒకేసారి వేసినట్టన్నమాట.

ఇంజను చుట్టూ తిరిగే నీళ్లు సుమారు 10 లీటర్లు. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి 4.2 కిలోజౌళ్లు కావాలి. భిలాయి ఎండలో 40 డిగ్రీల దగ్గర ఉన్న ఆ నీళ్లు 100 డిగ్రీలకు చేరాలంటే 10 × 4.2 × 60 = 2,520 కిలోజౌళ్లు. దాన్ని 30తో భాగించండి. 84 సెకన్లు!

ఇంజను లోహం కూడా కొంత వేడి మింగుతుంది కాబట్టి నిజానికి ఇంకొంచెం సమయం పడుతుంది. అయినా సంగతి అర్థమైంది కదా. వేడిని బయటకు పంపే దారి మూసుకుపోతే, పన్నెండు మలుపుల ఘాటులో రెండు మూడు మలుపులు తిరిగేలోపే నీళ్లు మరుగుతాయి. ఒక కిలో నీరు ఆవిరి కావడానికి 2,257 కిలోజౌళ్లు పడుతుంది. ఈ లెక్కన మొత్తం 10 లీటర్లూ ఆవిరైపోవడానికి పన్నెండున్నర నిమిషాలు. ఆ తర్వాత వేడెక్కేది ఉత్త లోహమే. ఇంజను హెడ్ వంకరపోతుంది, హెడ్ గాస్కెట్ కాలిపోతుంది, పిస్టన్లు సిలిండర్లలో పట్టేస్తాయి. కొన్ని వందల రూపాయల రబ్బరు గొట్టం చిరిగితే ఇంజను మొత్తం విప్పాల్సి వస్తుంది.

వేడిని మనం మాయం చేయలేం. ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోసుకెళ్లి వదలగలం, అంతే. మన బండిలో ఆ మోత ఇలా సాగుతుంది. వాటర్ పంపు నీళ్లను ఇంజను బ్లాకులోకి తోస్తుంది. నీళ్లు సిలిండర్ల చుట్టూ తిరిగి, పైన హెడ్‌లోకి వెళ్లి, థర్మోస్టాట్ అనే చిన్న తలుపు దాటి, పై హోసు గుండా రేడియేటర్‌లోకి దిగుతాయి. అక్కడ సన్నని గొట్టాల్లో ప్రవహిస్తుండగా ఫ్యాను లాగిన గాలికి వేడి వదులుతాయి. చల్లబడి, కింది హోసు గుండా మళ్లీ పంపు దగ్గరికి చేరతాయి. ఇదొక గొలుసు. గొలుసులో బలహీనమైన కొక్కెం ఏదో అదే గొలుసు మొత్తం బలం. పాత బండ్లలో ఆ కొక్కెం చాలాసార్లు రబ్బరు హోసే.

నీళ్ల కోసం ఆగిన తల్లీబిడ్డలు

మొదటి కార్లకు రేడియేటర్లు లేవు. 1886లో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మూడు చక్రాల బండిలో నీళ్లు ఉత్తినే ఆవిరైపోయేవి. తగ్గినన్ని మళ్లీ పోసుకోవాలి. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా, కొడుకులు ఓయ్‌గెన్, రిఖార్డ్‌లను వెంటబెట్టుకుని ఆ బండిలో మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి వెళ్లింది. వంద కిలోమీటర్లకు పైచిలుకు దారి. కారులో అంత దూరం అంతకు ముందు ఎవరూ వెళ్లలేదు. సెలవుల్లో అమ్మమ్మగారింటికి వెళ్లిన మొదటి కారు ప్రయాణం అదే అనుకోవచ్చు! దారిపొడవునా ఆగి నీళ్లు పోస్తూనే ఉండాల్సి వచ్చింది. ఎత్తు వచ్చిన చోట పిల్లలు దిగి బండిని తోశారు.

ఆ బాధ తప్పించింది విల్‌హెల్మ్ మేబాక్ అనే ఇంజనీరు. 1900 చివర్లో తయారైన మెర్సిడెస్ కారుకు ఆయన తేనెపట్టులాంటి రేడియేటర్ అమర్చాడు. అందులో 8,070 సన్నని గొట్టాలు. అన్ని గొట్టాలు ఎందుకు? వేడి గాలిలోకి పోవాలంటే లోహానికీ గాలికీ తాకే చోటు ఎక్కువ ఉండాలి. వేడి అన్నాన్ని ముద్దగా ఉంచితే చల్లారదు, పళ్లెంలో పరిస్తే చల్లారుతుంది. అమ్మ చేసేదీ మేబాక్ చేసిందీ ఒకే పని.

ఇక్కడ భిలాయిలో ఇదే పని ఇంకా పెద్ద ఎత్తున జరుగుతోంది. మన స్టీల్‌ప్లాంటులో మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఎనిమిదో ఫర్నేసు ‘మహామాయ’ 2018లో మొదలైంది. ఫర్నేసులోకి వేడిగాలి ఊదే గొట్టాల మూతిని ట్యుయర్ అంటారు. దాని ముందు మంట 2,000 డిగ్రీలు దాటుతుంది. ఆ ట్యుయర్ దేనితో చేస్తారో తెలుసా? రాగితో. రాగి 1,085 డిగ్రీలకే కరిగిపోతుంది. మరి 2,000 డిగ్రీల మంట ముందు అదెలా నిలుస్తుంది? దాని లోపల నీళ్లు ఆగకుండా పరుగెడుతుంటాయి కాబట్టి. మంట ఇచ్చిన వేడిని రాగి దాచుకోదు. అప్పటికప్పుడు నీళ్లకు అందించేస్తుంది. నీళ్లు నిలిచిపోతే ట్యుయర్ నిలవదు. మరోదా జలాశయం వైపు సైకిల్ మీద వెళ్లినప్పుడు గుర్తుంచుకోండి, ప్లాంటు తాగే నీళ్లు ఆ నీళ్లే. మీ ఇంట్లో ఎవరైనా ఫర్నేసుల దగ్గర పనిచేస్తుంటే నీళ్ల పంపు ఆగితే ఏం చేస్తారని అడగండి. నేను రాసినదానికన్నా బాగా చెబుతారు.

మూత సంగతి

రేడియేటర్ మూత చూడటానికి మామూలు డబ్బా మూతలా ఉంటుంది. దాని లోపల ఒక స్ప్రింగు ఉంటుంది. ప్రెషర్ కుక్కర్ మీద బరువు చేసే పనే ఇదీ చేస్తుంది. ఆవిరిని అణిచిపెట్టి లోపలి పీడనం పెంచుతుంది. పీడనం పెరిగితే నీరు మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుంది. మూత మీద 0.9 అని ఉంటే బయటి గాలి కంటే 0.9 బార్ ఎక్కువ పీడనం దాకా అది ఆపుతుందని అర్థం. అప్పుడు లోపలి నీళ్లు 118 డిగ్రీల దాకా మరగవు.

ఇది ఘాట్లలో ఇంకా అక్కరకొస్తుంది. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పీడనం తగ్గి, ప్రతి 300 మీటర్లకు దాదాపు ఒక డిగ్రీ చొప్పున నీరు ముందే మరుగుతుంది. భిలాయిలో మూత లేని గిన్నెలో నీళ్లు 99 డిగ్రీలకు మరిగితే, 870 మీటర్ల ఎత్తున్న కోరాపుట్‌లో 97కే మరుగుతాయి. స్ప్రింగు వదులైపోయిన పాత మూతతో కొండెక్కడం అందుకే ప్రమాదం. రేడియేటర్ మార్చేటప్పుడు మూత కూడా కొత్తది, అదే సంఖ్య ఉన్నది, వేయాలి.

ఇప్పుడు ఈ పాఠంలో అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం. వేడిగా ఉన్న రేడియేటర్ మూతను ఎవరూ, ఎప్పుడూ తిప్పకూడదు. ఎందుకో లెక్కలోనే చూడండి. లోపల 10 లీటర్ల నీరు 118 డిగ్రీల దగ్గర ఉంది. మూత తీయగానే పీడనం పడిపోతుంది. నీరు 99 డిగ్రీలకు దిగిపోవాలి. ఆ 19 డిగ్రీల వేడి, అంటే 10 × 4.2 × 19 = 798 కిలోజౌళ్లు, ఒక్కసారిగా కొంత నీటిని ఆవిరి చేస్తుంది. 798ని 2,257తో భాగిస్తే 0.35 కిలో. ఒక కిలో ఆవిరి దాదాపు 1,700 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది కాబట్టి 0.35 కిలో అంటే సుమారు 600 లీటర్లు. పెద్ద నూనె డ్రమ్ములు మూడు నిండేంత ఆవిరి, మరిగే నీళ్లను వెంటేసుకుని, అరచేయంత వెడల్పు కూడా లేని మూతి గుండా, మూత తిప్పినవాడి మొహం మీదికి వస్తుంది. తడిగుడ్డ కప్పి తిప్పితే ఏం కాదని చెప్పే డ్రైవర్లు కనిపిస్తారు. గుడ్డ చేతిని కాస్త కాపాడుతుందేమో, మొహాన్ని కాపాడదు. ఆపిన బండి బాగా చల్లారేదాకా, పై హోసును చేత్తో పట్టుకోగలిగేదాకా ఆగడమే పద్ధతి.

మార్చాలా, బాగుచేయించాలా?

పాత బండ్ల రేడియేటర్లు రాగి, ఇత్తడితో చేసి టంకం పెట్టినవి. ఇప్పటివి ఎక్కువగా అల్యూమినియం గొట్టాలు, రెండు పక్కలా ప్లాస్టిక్ ట్యాంకులు. ఇత్తడి రేడియేటర్‌కు ఒక గొప్ప గుణముంది, దాన్ని బాగుచేయవచ్చు. ట్యాంకు టంకం కరిగించి విప్పి, గొట్టాల్లో సన్నని ఊచ దూర్చి మట్టీ పొక్కులూ తీసి, మళ్లీ టంకం పెడతారు. ఈ పని తెలిసినవాళ్లు తగ్గిపోతున్నారు. దొరికితే మాత్రం వాళ్ల చేతికివ్వడమే మంచిదని నా అభిప్రాయం. కానీ రెక్కలు, అంటే గొట్టాల మధ్య ఉండే పలుచని మడతల రేకులు, వేలితో తాకితే పొడిపొడిగా రాలిపోతున్నాయంటే ఇక బాగుచేయడం వృథా. గొట్టాలు బాగున్నా వాటి నుంచి గాలికి వేడి వెళ్లే దారి పోయినట్టే.

గొట్టాలు మూసుకుపోవడానికి ముఖ్య కారణం మనం పోసే నీళ్లే. బోరునీళ్లలో కాల్షియం ఉంటుంది. వేడికి అది తెల్లని పొక్కుగా గోడలకు పేరుకుంటుంది. మీ ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున కనిపించేదే. ఆ పొక్కు రాగితో పోలిస్తే వేడిని వందో వంతు కూడా పోనివ్వదు. గోరు మందం పొక్కు పేరుకుంటే రేడియేటర్ లోపల దుప్పటి కప్పినట్టే. అందుకే డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి పోయాలంటారు. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ నీటిని గడ్డకట్టకుండా ఆపుతుంది. భిలాయిలో నీళ్లు గడ్డకట్టవు, మరి మనకెందుకు? అందులో తుప్పును ఆపే మందులుంటాయి, మరిగే ఉష్ణోగ్రతనూ కొంచెం పెంచుతుంది. ఒక హెచ్చరిక. కూలెంట్ తియ్యగా ఉంటుంది, కానీ విషం. నేల మీద ఒలికితే వీధికుక్కలు నాకుతాయి. వెంటనే నీళ్లతో కడిగేయాలి. పాత కూలెంట్‌ను మురికికాలవలో పారబోయకూడదు. డబ్బాలో పట్టి వర్క్‌షాపులో ఇవ్వాలి.

హోసుల సంగతి వేరు. రేడియేటర్ కారితే కింద చుక్కలు కనిపిస్తాయి. హోసు మాత్రం పైకి నల్లగా నిగనిగలాడుతూనే లోపల చిట్లుతుంది. రబ్బరు కిలోమీటర్ల లెక్కన కాదు, ఏళ్ల లెక్కన ముసలిదవుతుంది. ఏడాదికి రెండుసార్లు మాత్రమే బయటికి తీసే బండి హోసులు కూడా నాలుగైదేళ్లకు మార్చుకోవడం మంచిది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు హోసును క్లిప్పుకు దగ్గరగా బొటనవేలితో నొక్కి చూడండి. మంచి హోసు గట్టిగా ఉండి, వదలగానే మళ్లీ లేస్తుంది. మెత్తగా పిండిలా నొక్కుకుపోతే లోపల పొరలు విడిపోయినట్టు. కరకరలాడితే ఎండిపోయినట్టు. ఒకచోట ఉబ్బి ఉంటే ఆయిల్ తగిలిందని అర్థం. ఈ మూడింటిలో ఏది కనిపించినా అది ఘాటుకు పనికిరాదు.

రేడియేటర్‌కు వేలకు వేలు పోసి, హోసులు ‘ఇంకా బాగానే ఉన్నాయి కదా’ అని పాతవే వదిలేసేవాళ్లు చాలామంది. ఇది తప్పుడు పొదుపు. కొత్త రేడియేటర్, కొత్త మూత వచ్చాక లోపలి పీడనం సరిగ్గా నిలుస్తుంది. అంతకుముందు వదులు మూత వల్ల తక్కువ పీడనంతో నెట్టుకొచ్చిన పాత హోసు మీద ఇప్పుడు పూర్తి భారం పడుతుంది. సగం దారిలో పగిలేది అదే.

పని

ఈ పని పెద్దవాళ్లది. మీరు టార్చి పట్టుకోవచ్చు, విప్పిన బోల్టులను వరసగా పళ్లెంలో పెట్టవచ్చు, విప్పక ముందు ఫొటోలు తీయవచ్చు. ఆ ఫొటోలే బిగించేటప్పుడు అందరినీ కాపాడతాయి.

సామాన్లకు సుపేలా, పవర్‌హౌస్ బజార్లకు వెళ్లేటప్పుడు బండి నంబరు చెబితే చాలదు. మోడల్, సంవత్సరం, ఇంజను రకం రాసుకెళ్లండి. వీలైతే పాత హోసునే పట్టుకెళ్లండి. హోసులు నేరుగా ఉండవు, అచ్చులో పోసిన వంపులు ఉంటాయి. నేరు గొట్టం కొని వంచి బిగిస్తే మడత పడిన చోట నీళ్లు ఆగిపోతాయి. కింది హోసు కొనేటప్పుడు లోపల తీగ స్ప్రింగు ఉందో లేదో చూడాలి. పంపు నీళ్లను పీల్చేటప్పుడు స్ట్రా చప్పిడిపడినట్టు హోసు అణిగిపోకుండా ఆ స్ప్రింగు ఆపుతుంది. పాతదాంట్లో ఉండి కొత్తదాంట్లో లేకపోతే తీసుకోవద్దు.

బండిని చదునైన చోట, రాత్రంతా చల్లారనిచ్చి, ఉదయం పని మొదలుపెట్టాలి. చక్రాల కింద రాళ్లు పెట్టి, బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పాలి. కింద వెడల్పాటి టబ్బు పెట్టి, మూత తీసి, రేడియేటర్ అడుగున ఉన్న డ్రెయిన్ ప్లగ్గు విప్పితే నీళ్లు దిగిపోతాయి. ఆ నీళ్ల రంగు చూడండి. టీ రంగులో ఉంటే లోపల తుప్పు. పైన నూనె తేలుతుంటే ఇంజనులో వేరే జబ్బు ఉంది. రేడియేటర్ మార్చినా అది పోదు, ముందు మెకానిక్కుకు చూపించాలి.

తర్వాత హోసులు. ఏళ్ల తరబడి అతుక్కుపోయిన హోసును స్క్రూడ్రైవర్ దూర్చి పెకిలించకండి. దాని కింద ఉన్న గొట్టం మూతి పలుచని లోహం, సొట్టపడితే కొత్త హోసు కూడా కారుతుంది. ఎలాగూ పారేసేదే కాబట్టి బ్లేడుతో పొడవునా చీల్చి, అరటితొక్క ఒలిచినట్టు ఒలిచేయాలి. ఫ్యాను చుట్టూ ఉండే కవచం విప్పి, పక్క బోల్టులు తీస్తే రేడియేటర్ పైకి లేస్తుంది. దాని కాళ్ల కింద రబ్బరు దిండ్లుంటాయి. పోగొట్టుకోవద్దు. అవి లేకపోతే గతుకుల రోడ్డు అదురు నేరుగా రేడియేటర్‌కు తగిలి అతుకులు విడిపోతాయి.

పాతదీ కొత్తదీ నేల మీద పక్కపక్కన పెట్టి చూడండి. ఎత్తు, మూతుల మందం, బోల్టు రంధ్రాలు అన్నీ సరిపోవాలి. ఖాళీగా ఉన్న ఈ సమయంలోనే ఇంజను బ్లాకులోకి తోట పైపుతో నీళ్లు వదిలి, తెల్లగా వచ్చేదాకా కడగాలి. పాత మురికి బ్లాకులోనే ఉంచి కొత్త రేడియేటర్ బిగిస్తే, నెల తిరక్కుండా ఆ మురికంతా కొత్తదాంట్లోకి చేరుతుంది.

థర్మోస్టాట్‌ను పరీక్షించడం మాత్రం మీరే చేయగల ప్రయోగం, పెద్దవాళ్లు పొయ్యి దగ్గర ఉంటే. దాని మీద 82 లాంటి సంఖ్య చెక్కి ఉంటుంది. ఆ ఉష్ణోగ్రత దగ్గర అది తెరుచుకోవడం మొదలవ్వాలి. లోపల మైనం ఉంటుంది. వేడికి మైనం కరిగి, వ్యాకోచించి తలుపును తోస్తుంది. ఒక పాత గిన్నెలో నీళ్లు పోసి, థర్మోస్టాట్‌ను దారంతో వేలాడదీసి, 100 డిగ్రీలకు మించి చూపగల థర్మామీటరు పెట్టి కాచండి. జ్వరం చూసేది పనికిరాదు, పగిలిపోతుంది. ఏ డిగ్రీ దగ్గర తెరుచుకుందో, చల్లారేటప్పుడు ఏ డిగ్రీ దగ్గర మూసుకుందో రాసుకోండి. రెండూ ఒకటే కావు! అసలు తెరుచుకోకపోతే ఘాటులో బండి మరిగించింది అదేనేమో. దొంగ రేడియేటర్ అనుకుని ఇంతసేపూ విప్పాం.

బిగించేటప్పుడు గొట్టం మూతులను గరుకు కాగితంతో మెల్లగా రుద్ది శుభ్రం చేయాలి. క్లిప్పును ముందే హోసు మీదికి ఎక్కించుకోవాలి. ఇది మరిచిపోయి హోసు రెండు కొసలూ బిగించాక తల పట్టుకునేవాళ్లను ప్రతి గ్యారేజీలో చూడొచ్చు. గొట్టం మూతి దగ్గర చిన్న ఉబ్బు ఉంటుంది. క్లిప్పు ఆ ఉబ్బు దాటి లోపలి వైపు కూర్చోవాలి. అప్పుడు పీడనం ఎంత తోసినా హోసు జారదు. అలాగని బలమంతా పెట్టి బిగిస్తే క్లిప్పు రబ్బరును కోస్తుంది. రబ్బరు క్లిప్పు అంచు వెంట కాస్త ఉబికి కనిపిస్తే చాలు. ఫ్యాన్ బెల్టు కూడా చూసుకోండి. దాని మధ్యలో బొటనవేలితో నొక్కితే అర అంగుళం దాకా దిగాలి. ఎక్కువ దిగితే బెల్టు జారి పంపు, ఫ్యాను రెండూ నెమ్మదిస్తాయి.

ఇక నీళ్లు నింపడం. ఇక్కడ తొందర పనికిరాదు. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి, సన్నని ధారగా పోయాలి. గబగబా పోస్తే లోపలి గాలి బయటికి రాలేక హెడ్‌లో బుడగలా చిక్కుకుంటుంది. దాన్ని ఎయిర్ లాక్ అంటారు. ఆ బుడగ ఉన్న చోట నీళ్లుండవు, లోహం మాడుతుంది. విచిత్రమేమంటే ఆ సమయంలో వేడి చూపే ముల్లు కూడా కిందికే ఉండొచ్చు. ముల్లు చూసేది నీటి వేడిని. దాని చుట్టూ నీళ్లే లేకపోతే అదేం చూస్తుంది?

బ్యాటరీ వైరు తగిలించి, మూత పెట్టకుండానే చల్లని ఇంజను స్టార్ట్ చేసి నెమ్మదిగా నడవనివ్వాలి. పెద్దవాళ్లు దగ్గరుంటారు, పిల్లలు నాలుగడుగుల దూరం. బుడగలు వస్తూ మట్టం దిగుతుంటుంది, మళ్లీ పోస్తుండాలి. కొంతసేపటికి చల్లగా ఉన్న పై హోసు ఉన్నట్టుండి వేడెక్కుతుంది. థర్మోస్టాట్ తెరుచుకుందన్నమాట. ఇంకొంచెం గాలి బయటికి వస్తుంది. బుడగలు ఆగగానే మూత బిగించాలి. టార్చి వేసి ఒక్కొక్క క్లిప్పూ చూడాలి, కింద పొడి అట్ట పరిచి చుక్క పడిందేమో చూడాలి.

ఆ సాయంత్రమే ఊరికి బయలుదేరవద్దు. జీ.ఈ. రోడ్డు మీద ఒక గంట తిప్పి తెచ్చి, సెక్టర్ 7లో ఇంటి ముందు నిలిపి, రాత్రంతా వదిలేయండి. మర్నాడు ఉదయం, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, మూత తీసి చూస్తే నీళ్లు ఒక అంగుళం దిగి ఉంటాయి. కంగారు పడక్కర్లేదు. చిక్కుకున్న ఆఖరి గాలి బయటికి పోయింది, అంతే. అంతవరకు నింపి, మూత బిగించి, క్లిప్పులు ఇంకోసారి చూసుకుని, అయిదు లీటర్ల నీళ్ల డబ్బా ఒకటి, పాత హోసుల్లో కాస్త బాగున్నది ఒకటి, స్క్రూడ్రైవర్, రెండు క్లిప్పులు ఒక సంచిలో వేసి డ్రైవరు సీటు కింద పెట్టండి. ధంతరి దాటాక టీ తాగడానికి ఆగినప్పుడు, ఘాటు మొదలు కాకముందే, ఒకరు వంగి బండి కింద చూడాలి.